కర్రీ పాయింట్ కత్తులకు సిరామిక్ రాయా, వజ్రపు రాయా?

కొత్తపేట_కర్రీపాయింట్
కొత్తపేటలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాము. తెల్లవారి ఉల్లిపాయల బస్తా విప్పితే పది దాటేదాకా కత్తి కింద పెట్టే వీలుండదు. ఇన్నాళ్ళూ వీధిలో సైకిల్ మీద సానచక్రం తిప్పుకుంటూ వచ్చే మనిషికే కత్తులు ఇచ్చేవాళ్ళం. పోయిన నెల నిప్పురవ్వలు ఎగిరేలా నూరి ఇచ్చాడు. పెద్ద కత్తి అంచు ఒకచోట నీలంగా తిరిగింది. ఇప్పుడు ఆ భాగం పొద్దున నూరితే సాయంత్రానికి మొద్దుబారుతోంది. ఖరీదు పెట్టి కొన్న కత్తి, కడుపు మండిపోయింది.

ఇక మేమే నూరుకుంటాం. ఉన్నవి ఇవి: జర్మనీ తయారీ పెద్ద కత్తి (నీలం మచ్చ పడింది దీనికే), బేగంబజారులో కొన్న మామూలు స్టెయిన్‌లెస్ కత్తులు, మా తమ్ముడు తెచ్చిన జపాన్ కత్తి (వీజీ-10 అనే ఉక్కుతో చేసింది), మా అత్తగారి ఇనుప కత్తిపీట. ఒక దుకాణంలో డైమండ్ ప్లేటు కొనమన్నారు. ఇంకో దుకాణంలో సిరామిక్ కడ్డీలు చాలు, డైమండ్ కత్తిని తినేస్తుంది అన్నారు. ఇప్పటికి ఒక్కటే కొనగలను. ఏది కొనాలి?

రాణిగంజ్_హార్డ్‌వేర్
వజ్రం. రెండో ఆలోచన వద్దు. సిరామిక్‌తో ఆ నీలం మచ్చ దాటేసరికి మీ చెయ్యి పడిపోతుంది.

పద్మారావునగర్_వంటిల్లు
నేను ఒప్పుకోను. రోజూ కూర తరిగే కత్తికి రోజూ వజ్రం రాస్తే కత్తి ఎన్నేళ్ళు మిగులుతుంది? మా ఇంట్లో సిరామిక్ కడ్డీలే ఉన్నాయి. వంటకు ముందు అటూ ఇటూ నాలుగు గీతలు గీస్తే టమాటా తొక్క తెగుతుంది. రాయి అరగదు, నీళ్ళక్కర్లేదు, సొరుగులో పడి ఉంటుంది.

గోల్కొండ_ఖిల్లా
గోల్కొండ వజ్రాలు ప్రపంచమంతా తిరిగిన ఊళ్ళో కూర్చుని వజ్రం కొనాలా వద్దా అని అడుగుతున్నారా! రాజులు కూడా మీ మాట వింటే నవ్వుకుంటారు.

టూల్‌రూం_బాలానగర్
గోల్కొండ గారూ, ఈ ప్లేట్ల మీద ఉండేది గనిలో తవ్విన వజ్రం కాదు. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు అధిక పీడనం, అధిక వేడితో వజ్రం తయారుచేయడం సాధించారు. అప్పటి నుంచి పరిశ్రమల్లో వాడే వజ్రపు పొడి క్రమంగా అటే మళ్ళింది. అందుకే ఇప్పుడు మామూలు మనిషి కూడా కొనుక్కోగలుగుతున్నాడు.

అసలు విషయానికి వస్తాను. కోత పనిముట్ల అంచులు చూసుకోవడమే నా ఉద్యోగం. ముందు గట్టిదనం ఎవరిది ఎంతో చూడండి. నూప్ కొలమానంలో గట్టిపరచిన కత్తి ఉక్కు 700 అటూ ఇటూ ఉంటుంది. ఆ ఉక్కులో కలిసి ఉండే క్రోమియం కార్బైడ్ రేణువులు 1700 ప్రాంతంలో. సిరామిక్ రాయి అంటే అల్యూమినా, సుమారు 2100. వెనేడియం కార్బైడ్ 2600 దాకా పోతుంది. వజ్రం 7000 పైమాటే. మీ దగ్గరున్న కత్తుల్లో సిరామిక్‌కు లొంగనిది ఒక్కటీ లేదు. ఎస్90వీ లాంటి ఉక్కు, అంటే వెనేడియం 9 శాతం ఉన్నది, అయితే కథ వేరు. అక్కడ అల్యూమినా ఆ రేణువుల చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది, రేణువును కోయలేదు. వంటింట్లోకి అలాంటి ఉక్కు ఎప్పుడో కానీ రాదు.

కాబట్టి ఇక్కడ తేలాల్సింది వేగం. డైమండ్ ప్లేటులో వజ్రపు రేణువులు ఉక్కు రేకు మీద నికెల్ పూతలో సగం మునిగి, సగం పైకి పొడుచుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ లోతుగా గీస్తుంది. గట్టిగా కాల్చిన సిరామిక్ రాయిలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. పైకి పొడుచుకువచ్చేది తక్కువ, పాతవి ఊడి కొత్తవి బయటపడడం అసలే ఉండదు. అందుకే నెమ్మది, అందుకే నునుపు. మచ్చ తీయాలన్నా, విరిగిన అంచు సరిచేయాలన్నా వజ్రం. ఉన్న పదును నిలబెట్టుకోవాలంటే సిరామిక్. మీకు ముందున్న పని మచ్చ. ముందు వజ్రమే కొనండి.

మలక్‌పేట_విద్యార్థి
ఆ నీలం రంగు అంటే ఏమిటి? కాలిపోయినట్లా?

టూల్‌రూం_బాలానగర్
కత్తిని గట్టిపరిచాక తగినంత వేడిలో మళ్ళీ కాస్త మెత్తబరుస్తారు, పెళుసుదనం పోవడానికి. నూరేటప్పుడు ఆ వేడిని మించితే ఇంకా మెత్తబడుతుంది. మామూలు కార్బన్ ఉక్కు నీలంగా తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు తాకినట్లు. స్టెయిన్‌లెస్‌లో ఆ రంగు రావడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంటే ఆ కత్తికి బాగానే దెబ్బ తగిలింది. సన్నని అంచు దగ్గర వేడి పోయే దారి ఉండదు, క్షణంలో జరిగిపోతుంది. మచ్చ ఉన్నంత లోపలికి అరగదీస్తేనే మంచి ఉక్కు దొరుకుతుంది.

రాణిగంజ్_హార్డ్‌వేర్
చూశారా, నేను చెప్పిందే.

పద్మారావునగర్_వంటిల్లు
మచ్చ ఒకసారి తీసే పని. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏం చేస్తారు? ఒక్కసారి పనికోసం ప్లేటు కొనడం దేనికి? రెండు మూడు వందలకు దొరికే సిలికాన్ కార్బైడ్ రాయి, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు, ఆ పని చేసిపెడుతుంది. మిగిలిన డబ్బు మంచి సిరామిక్ మీద పెట్టండి.

టూల్‌రూం_బాలానగర్
అది మంచి మాటే. సిలికాన్ కార్బైడ్ నూప్‌లో 2500 దగ్గర, అల్యూమినా కంటే గట్టిది, వేగంగా కోస్తుంది. కాకపోతే రాయి మధ్యలో గుంట పడుతుంది. గుంట పడ్డ రాయి మీద కోణం నిలవదు. మా దగ్గర గుంట పడ్డ రాళ్ళను చదును చేసేది కూడా డైమండ్ ప్లేటుతోనే.

నల్లకుంట_పచ్చళ్ళు
ఇన్ని లెక్కలు నాకు తెలియవు. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ బోర్లించి అడుగున ఉండే గరుకు అంచు మీద కత్తి నూరేది. ఎండాకాలం మామిడికాయలు తెచ్చిన రోజు ఆ ఇంట్లో మొదటి చప్పుడు అదే. ఇప్పటికీ నేను అదే చేస్తాను, బాగానే తెగుతుంది.

పద్మారావునగర్_వంటిల్లు
@నల్లకుంట_పచ్చళ్ళు అదీ సిరామిక్కే కదా! జాడీకి అడుగున మెరుగుపూత ఉండదు, లోపలి కాల్చిన మట్టి బయటపడి ఉంటుంది. కాఫీ కప్పు అడుగున రింగు కూడా అంతే. కొత్తపేట గారూ, రాయి కొనేదాకా ఇవాళే జాడీ తిప్పి చూడండి.

టూల్‌రూం_బాలానగర్
పనిచేస్తుంది. గరుకు జాడీకి జాడీకి మారుతుంది, అదొక్కటే. నూరాక కత్తిని కడగండి, సన్నని ఇనుప పొడి ఉంటుంది. జాడీలో పచ్చడి ఉండగా మాత్రం బోర్లించకండి.

నల్లకుంట_పచ్చళ్ళు
పచ్చడి ఉన్న జాడీని మా ఇంట్లో కదపనే కదపరు, అందుకు వేరే ఖాళీ జాడీ ఉంది.

చర్లపల్లి_చెక్కపని
ఉలులు, చిత్రికలు నూరేవాడిగా నా మాట. డైమండ్ ప్లేటు ఒకటి చౌకగా ఆన్‌లైన్‌లో తెప్పించాను, కంపెనీ పేరు అనవసరం. కొన్ని వారాలకే మధ్యలో నున్నగా అయిపోయింది. వజ్రం అరగదంటారు, మరి ఇదేమిటి?

టూల్‌రూం_బాలానగర్
వజ్రం అరగలేదు, ఊడింది. ప్లేటు మీద వజ్రం ఒకే పొర. నికెల్ పట్టు వదిలితే కింద ఇంకో పొర లేదు. బరువేసి నొక్కితే, ముఖ్యంగా ఉలి లాంటి వెడల్పు అంచును ఒక మూల మీద ఒరిగించి నొక్కితే, పైకి పొడుచుకున్న రేణువులు వేళ్ళతో సహా లేచిపోతాయి. కొత్త ప్లేటు మొదట మరీ గరుకుగా ఉండి తర్వాత సర్దుకోవడం మామూలే. ఎత్తుగా ఉన్న కొన్ని రేణువులు పోయి మిగిలినవి ఒక మట్టానికి వస్తాయి. అక్కడితో ఆగాలి. ఆగలేదంటే పూత పలచన అయినా ఉండాలి, చెయ్యి బరువైనా ఉండాలి.

సిరామిక్‌కు ఈ గొడవ లేదు. దాని గొడవ ఇంకోటి: ఇనుప పొడి రంధ్రాల్లో కూరుకుపోయి పైన నల్లగా జిగేల్మంటుంది, కోయడం మానేస్తుంది.

చర్లపల్లి_చెక్కపని
చెయ్యి బరువు అనడం కుదరదు. ఉలికి బరువు పెట్టకుండా ఎలా నూరుతారు? పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు చెయ్యి బరువని చెబితే ఎలా?

టూల్‌రూం_బాలానగర్
కోపం వద్దన్నా. కార్బొరండం, అంటే సిలికాన్ కార్బైడ్ రాయికి అలవాటు పడిన చెయ్యికి బరువు అలవాటు, అక్కడ అది అవసరం కూడా. నొక్కితే పాత రేణువు రాలి కొత్తది పైకి వస్తుంది. వజ్రానికి ఆ లెక్క పనికిరాదు. ఉలి సొంత బరువుకు వేలు ఆనించినంత చాలు. ఇంకోమాట, మోటారు చక్రం మీద ఉక్కుకు వజ్రం వాడకూడదు. వేడి పెరిగితే వజ్రంలోని కార్బన్‌ను ఇనుము లాగేసుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీల్లో గట్టి ఉక్కుకు బోరాన్ నైట్రైడ్ చక్రాలు వాడతారు. చేత్తో నూరేటప్పుడు అంత వేడి పుట్టదు, ఆ భయం లేదు.

చర్లపల్లి_చెక్కపని
సరే, ఈసారి తేలికగా పట్టి చూస్తాను. ప్లేటు మాత్రం పల్చనిదే, దాని మీద నా అభిప్రాయం మారదు.

నిజాంపేట_బోరునీళ్ళు
సిరామిక్ నల్లబడితే ఏం చేయాలి? మా ఇంట్లో ఉన్నది పూర్తిగా నల్లగా ఉంది, పారేద్దామనుకుంటున్నాను.

పద్మారావునగర్_వంటిల్లు
పారేయకండి! గిన్నెలు తోమే పొడి, గరుకు స్క్రబ్బర్ తీసుకుని తడిపి గట్టిగా రుద్దండి. తెల్లగా వచ్చేస్తుంది. పైపైన మురికికి పెన్సిల్ రబ్బరు కూడా చాలు. నేను నెలకోసారి తోముతాను, కొన్ననాటి తెలుపు తిరిగివస్తుంది. వజ్రం ఊడితే ఇలా తిరిగివస్తుందా?

రాణిగంజ్_హార్డ్‌వేర్
సిరామిక్ కింద పడితే రెండు ముక్కలు. ప్లేటు కింద పడితే తుడిచి మళ్ళీ వాడుకోవచ్చు. వంటవాళ్ళ చేతుల్లో తడి, నూనె ఉంటాయి. అది కూడా చెప్పండి.

నిజాంపేట_బోరునీళ్ళు
తోమాను. నిజంగానే తెల్లబడింది! ఇంకో సంగతి, మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. డైమండ్ ప్లేటు మీద ఆరితే తెల్లటి పొర కడుతోంది, అంచుల్లో తుప్పు చుక్కలు కూడా.

టూల్‌రూం_బాలానగర్
తెల్ల పొరకు కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడగండి. నానబెట్టకండి. వాడాక గుడ్డతో ఒత్తి తుడిచి నిలువుగా ఆరబెట్టండి. కింద ఉక్కు రేకే కాబట్టి, పూత గీసుకుపోయిన చోట తుప్పు పడుతుంది.

మలక్‌పేట_విద్యార్థి
1000 నంబరు డైమండ్, 1000 నంబరు నీళ్ళ రాయి ఒకటేనా? నా దగ్గర రెండూ ఉన్నాయి. డైమండ్ చాలా గరుకుగా గీతలు పెడుతోంది.

టూల్‌రూం_బాలానగర్
ఒకటి కాదు, నంబరు చూసి మోసపోకండి. ఎవరి కొలమానం వాళ్ళది. యూరప్ గరుకు కాగితంలో పీ1000 అంటే రేణువు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). జపాన్ నీళ్ళ రాళ్ళలో 1000 అంటే రమారమి 11 నుంచి 15 మధ్య. డీఎంటీ కంపెనీ ప్లేట్ల మీద రంగుతో పాటు మైక్రాన్లు వేస్తారు: నీలం 45, ఎరుపు 25, ఆకుపచ్చ 9. మైక్రాన్ చెప్పని ప్లేటు మీద నంబరుకు విలువ లేదు. పైగా రేణువు పరిమాణం సమానమైనా వజ్రం పెట్టే గీత లోతు ఎక్కువ, ఇందాక చెప్పినట్లు అది పైకి పొడుచుకుని ఉంటుంది.

ఇందులో ఇంకో గందరగోళం. సిరామిక్ అని అమ్మేవాటిలో రెండు జాతులున్నాయి. స్పైడర్‌కో కడ్డీల్లాంటి గట్టి సిరామిక్ ఒకటి, పొడిగానే వాడొచ్చు, ఏళ్ళు గడిచినా ఆకారం మారదు. షాప్టన్ లాంటి జపాన్ రాళ్ళు ఇంకోటి, నీళ్ళు చల్లి వాడాలి, అరుగుతాయి, వేగంగా కోస్తాయి. పద్మారావునగర్ వారు మాట్లాడేది మొదటి జాతి గురించి. అడిగి కొనండి.

పద్మారావునగర్_వంటిల్లు
అవును, నావి స్పైడర్‌కో షార్ప్‌మేకర్ కడ్డీలు. మూడు పలకలవి, పీఠంలో గుచ్చితే కోణం అదే నిలబడుతుంది. గోధుమరంగువి మధ్యరకం, తెల్లవి నునుపు. రెండు వైపులా కలిపి 30 డిగ్రీలు, 40 డిగ్రీలు అని రెండు జతల రంధ్రాలుంటాయి. కత్తిని నిలువుగా పట్టి కిందికి లాగడమే.

నాంపల్లి_మటన్
మా దుకాణంలో రాయి కంటే ఉక్కు కడ్డీకే పని ఎక్కువ. ముక్క కొట్టే ముందు రెండు రాపులు, అంతే. సిరామిక్ కడ్డీ దానికంటే ఏం గొప్ప?

టూల్‌రూం_బాలానగర్
నున్నటి ఉక్కు కడ్డీ ప్రధానంగా పక్కకు ఒరిగిన అంచును నిలబెడుతుంది, లోహం తీయదు. సిరామిక్ కడ్డీ నిలబెడుతూనే కాస్త తీస్తుంది. మెత్తని ఉక్కు కత్తులకు, అంటే 55, 56 రాక్‌వెల్ (ఇది నూప్ కాదు, గట్టిదనానికి ఇంకో కొలమానం) ఉండే జర్మన్ కత్తులకు, మీ కసాయి కత్తులకు, ఉక్కు కడ్డీ బాగా పనికొస్తుంది. వీజీ-10 లాంటి 60 రాక్‌వెల్ కత్తి ఒరగదు, చిట్లుతుంది. దానికి ఉక్కు కడ్డీ వద్దు.

కొత్తపేట_కర్రీపాయింట్
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సిలికాన్ కార్బైడ్ మాట కూడా ఆలోచించాను కానీ మా కౌంటర్ వెనక రాయి నానబెట్టే చోటు లేదు. రాణిగంజ్ వెళ్ళి రెండు వైపులా ఉన్న డైమండ్ ప్లేటు తెచ్చాను. ఒకవైపు 45 మైక్రాన్లు, ఇంకోవైపు 25. కోణం ఎలా పట్టాలో చెప్పండి. చెయ్యి ఊగుతోంది.

టూల్‌రూం_బాలానగర్
స్కేలు తీసుకోండి. కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు ఉంటే, వెన్ను రాయి మీద నుంచి 15 మిల్లీమీటర్లు పైకి లేస్తే 20 డిగ్రీలు. 12 కంటే కాస్త తక్కువ లేస్తే 15 డిగ్రీలు. జర్మన్ కత్తికి 20, జపాన్ కత్తికి 15. ఆ ఎత్తుకు చెక్కముక్క కోసి పక్కన పెట్టుకుని చెయ్యి సరిచూసుకోండి.

అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రెండు రాపుల తర్వాత రంగు ఎక్కడ పోయిందో చూడండి. కొస మీద పోతే కోణం సరిపోయింది. పైభాగంలోనే పోతే వెన్ను కాస్త ఎత్తాలి. ఒకవైపు నూరుతూ ఉంటే అవతలి వైపు అంచు వెంట సన్నని ఇనుప పొర మడత పడుతుంది, వర్క్‌షాపులో దాన్ని బర్ అంటాం. వేలితో అడ్డంగా తడిమితే తగులుతుంది. మడమ (పిడి పక్కన ఉండే చివర) నుంచి మొన దాకా అది తగిలేవరకూ వైపు మార్చకండి. చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. అది రాకముందే నునుపు రాయికి వెళ్ళి, సిరామిక్ పనిచేయదని తిడతారు.

పద్మారావునగర్_వంటిల్లు
ఈ బర్ తీసేటప్పుడే సిరామిక్ గొప్పతనం తెలుస్తుంది. వజ్రం ఒక బర్ తీస్తూ ఇంకో బర్ లేపుతుంది.

రాణిగంజ్_హార్డ్‌వేర్
తేలికగా, వైపు మార్చుకుంటూ ఒక్కొక్క రాపు ఇస్తే వజ్రం మీదే పోతుంది. ఆపైన పాత తోలు బెల్టుకు ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ ముద్ద రాసి, అంచును వెనక్కి లాగండి. మంగలి షాపుల్లో ఒకప్పుడు తోలు పట్టా మీద చేసింది ఇదే.

కొత్తపేట_కర్రీపాయింట్
మచ్చ పోయింది! నీలం అంతా 45 మైక్రాన్ల వైపే అరగదీశాను, తర్వాత 25. కత్తి వెడల్పు అక్కడ కొంచెం తగ్గింది కానీ అంచు అంతా ఒకే తీరుగా తెగుతోంది. ఉల్లిపాయ తొక్క మీద కత్తి జారడం లేదు. మా ఆవిడ కళ్ళు కూడా ఇదివరకటిలా మండడం లేదంటోంది, అది నిజంగా కత్తి వల్లేనా?

టూల్‌రూం_బాలానగర్
కత్తి వల్లే. మొద్దు కత్తి ఉల్లి కణాలను కోయడానికి బదులు నలుపుతుంది. నలిగినకొద్దీ కళ్ళు మండించే వాయువు ఎక్కువ పుడుతుంది. మీ అంచు ఇప్పుడు 25 మైక్రాన్ల గీతలతో రంపపు పళ్ళలా ఉంది. టమాటా, ఉల్లి, మిరపకాయ తొక్కలకు అదే మంచిది. అద్దంలా మెరిసేదాకా నూరాలన్న పట్టుదల వంటింటికి అవసరం లేదు.

పద్మారావునగర్_వంటిల్లు
దీంతో మాత్రం నేను ఏకీభవించను. కొత్తిమీర, పుదీనా సన్నగా తరిగేటప్పుడు గరుకు అంచు ఆకును చింపుతుంది, అరగంటకే నల్లబడుతుంది. నునుపు అంచుతో తరిగితే అంత తొందరగా రంగు మారదు. కర్రీ పాయింట్‌లో పైన చల్లే కొత్తిమీరే కదా ముందు కనబడేది.

టూల్‌రూం_బాలానగర్
ఆకుకూరల విషయంలో మీరు చెప్పింది నిజం. జపాన్ కత్తిని ఆ పనికి కేటాయించి దాన్ని మాత్రం నునుపుగా ఉంచితే సరి.

కొత్తపేట_కర్రీపాయింట్
జపాన్ కత్తి మొన దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది. డైమండ్ మీద పెట్టొచ్చా? ఇంకోటి, కత్తిపీట ఎలా నూరాలి? ప్లేటు దాని మీద ఆనడం లేదు.

టూల్‌రూం_బాలానగర్
పెచ్చు గింజంత ఉంటే 25 వైపు మొదలుపెట్టండి, 45 వద్దు. బరువు అసలు పెట్టకండి. పెచ్చు పోయాక ఆ గీతలు పోగొట్టడానికి 9 మైక్రాన్లో, సిరామిక్కో కావాలి. 25 దగ్గర ఆగితే 15 డిగ్రీల సన్నని అంచు మళ్ళీ చిట్లుతుంది.

నల్లకుంట_పచ్చళ్ళు
కత్తిపీట సంగతి నేను చెబుతాను. కత్తిపీటను రాయి దగ్గరకు తేలేరు, రాయినే దాని దగ్గరకు తీసుకెళ్ళాలి. పీటను కాళ్ళతో అదిమి, చిన్న రాయి చేత్తో పట్టుకుని అంచు వెంట కింది నుంచి పైకి రుద్దండి. వేళ్ళు అంచు వెనకే ఉండాలి, ముందుకు రాకూడదు. వంపు ఉంటుంది కాబట్టి పలకరాయి కంటే గుండ్రటి కడ్డీ నయం. పని అయ్యాక నూనె చుక్క రాయండి, ఇనుము కదా. మామిడికాయ పులుపు తగిలిన రోజైతే కడిగి ఆరబెట్టకుండా నిద్రపోకండి.

పద్మారావునగర్_వంటిల్లు
గుండ్రటి కడ్డీ అన్నారు. ఇక సిరామిక్ కడ్డీ కొనక తప్పదు!

కొత్తపేట_కర్రీపాయింట్
తప్పేట్టు లేదు. వీజీ-10 ముగింపుకు, కత్తిపీటకు, రోజూ పొద్దున రెండు రాపులకు అదే కావాలి. డైమండ్ మళ్ళీ ఎప్పుడు తీయాలి?

టూల్‌రూం_బాలానగర్
దీపం కింద అంచును పైకి తిప్పి చూడండి. పదును ఉన్న అంచు కనబడదు. ఎక్కడైనా తెల్ల గీత మెరిసిందంటే అక్కడ మొద్దుబారింది. ముందు సిరామిక్ మీద ప్రయత్నించండి. సిరామిక్ మీద పది పదిహేను రాపులకు కూడా గీత పోకపోతే అప్పుడు డైమండ్. మీ పనికి బహుశా నెలకు ఒకసారి.

కొత్తపేట_కర్రీపాయింట్
అలాగే చేస్తాను. ఈ ఆదివారం మాకు మధ్యాహ్నం తర్వాత ఖాళీ. రాణిగంజ్ వెళ్ళి కడ్డీ తెస్తాను.

రాణిగంజ్_హార్డ్‌వేర్
ఆదివారం ఇక్కడ చాలావరకు మూసే ఉంటాయండీ. శనివారం సాయంత్రం రండి. కడ్డీ కొనేముందు పొడవునా వేలు నడిపి చూడండి, పగులు ఉంటే తగులుతుంది.